సుగంధపు పొదలు: ఆకు వాసన ఎవరి కొరకు?

పెరటిలోని మరువపు మొక్కను దూరమునుండి చూచినచో అందు విశేషమేమియు కనిపించదు. ఒక ఆకును త్రుంచి వ్రేళ్ళ మధ్య నలిపినంతనే వాసన గుప్పుమనును. తులసి, రుద్రజడ, పుదీనా కూడ ఇట్టివే. మల్లె, జాజి మొదలగు పూల పరిమళమునకు కారణము ఊహించుట కష్టము కాదు. పుప్పొడిని ఒక పూవునుండి మరియొక పూవునకు మోసికొనిపోవు కీటకములను పిలుచుటకు పూవునకు వాసన పనికివచ్చును. కాని ఆకునకు వాసన ఏల? ఆకు ఎవరిని పిలువవలెను? నలిపినపుడే అది అంత ఘాటుగా వచ్చుటకు కారణమేమి?

ఈ ప్రశ్నలకు సమాధానము వెదకవలెనన్నచో మొదట మరువపు పుట్టిల్లు తెలిసికొనవలెను. మన స్త్రీలు మల్లెమొగ్గల నడుమ, కనకాంబరముల నడుమ చేర్చి దండ కట్టు ఈ మొక్క మన అడవులలో పుట్టినది కాదు. సైప్రస్ ద్వీపమునందును, టర్కీ దేశపు దక్షిణ భాగమునందును రాతి నేలలపై ఇది తనంతట తాను పెరుగును. అచ్చటి మధ్యధరా సముద్ర తీరముల చుట్టును దీని బంధువులు అనేకములు కలవు. రోజ్‌మేరీ, థైమ్, లావెండర్, సేజ్ అను పొదలు వానిలో ముఖ్యమైనవి. ఇవన్నియు తులసి కుటుంబమునకు చెందినవే. నలుపలకల లేత కాండము, ఎదురెదురుగా నుండు ఆకులు, రెండు పెదవులవలె చీలిన పూవు ఈ కుటుంబపు గుర్తులు.

వేసవియే కరవు కాలము

మన దేశములో ఎండలు ముదిరిన పిమ్మట వానలు వచ్చును. వేడియు తేమయు కలిసి వచ్చుటచే జూన్, జూలై నెలలలో మొక్కలు ఏపుగా ఎదుగును. మధ్యధరా ప్రాంతములో ఈ క్రమము తలక్రిందులుగా నుండును. అచ్చట వానలు చలికాలములో కురియును. వేసవిలో నెలల తరబడి చినుకు పడదు. నీరున్నపుడు వేడి చాలదు, వేడి యున్నపుడు నీరుండదు. ఇట్టి శీతోష్ణస్థితి కాలిఫోర్నియా, మధ్య చిలీ, దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతము, ఆస్ట్రేలియా నైరృతి, దక్షిణ తీరములలో కూడ కలదు. ఒకదాని కొకటి వేల మైళ్ళ దూరములో నున్నను, ఈ ప్రాంతములన్నిటియందు గట్టి ఆకులు గల పొదలే నేలను కప్పియుండుట గమనింపదగిన విషయము.

దక్షిణ ఫ్రాన్సులో సున్నపురాతి గుట్టలపై మోకాలియెత్తున పెరుగు పొదల నేలను గారిగ్ అందురు. సున్నము లేని నేలలలో మనిషియెత్తున దట్టముగా పెరుగు పొదలను మాకీ అందురు. ఒకప్పుడు ఓకు చెట్ల అడవులున్న అనేక స్థలములలో వేల సంవత్సరములుగా గొడ్డలి, నిప్పు, మేకలు పనిచేయుటచే అడవులు పోయి ఈ పొదలు మిగిలినవి. అనగా ఈ మొక్కలు మూడు కష్టములకు తట్టుకొని నిలిచినవి: ఎండ, మంట, మేత.

రోజ్‌మేరీ పొద ఒకటి రెండు మీటర్ల ఎత్తు పెరుగును. చలికాలపు చివరను, వసంతమునందును లేతనీలపు పూలు పూచి తేనెటీగలను విశేషముగా ఆకర్షించును. ఆకు సన్నగా సూదివలె నుండును గాని నిజమునకు అది చుట్టుకొనిన ఆకు. దాని అంచులు క్రిందివైపునకు మడతపడి యుండును. పత్రరంధ్రములు ఆ మడతల లోపల, అడుగు భాగముననే యుండును. వానిని తెల్లని దట్టమైన నూగు కప్పియుండును. అందుచే ఎండగాలి రంధ్రములకు నేరుగా తగులదు, నీటి ఆవిరి త్వరగా పోదు.

రోజ్‌మేరీ అను పేరు లాటిను భాషలో 'సముద్రపు మంచు' అను అర్థము గల మాటలనుండి వచ్చినది. 1753లో లిన్నేయస్ దీనికి రోస్మరైనస్ అఫిసినాలిస్ అని పేరు పెట్టెను. పూవులో రెండే కేసరములుండుట మొదలైన లక్షణములనుబట్టియు, జన్యు పరీక్షలనుబట్టియు ఇది సేజ్ జాతిలోనిదే యని తేలుటచే 2017లో వృక్షశాస్త్రజ్ఞులు దీనిని సాల్వియా ప్రజాతిలో చేర్చిరి. ఇప్పుడు దీని శాస్త్రీయ నామము సాల్వియా రోస్మరైనస్. తోటమాలులు మాత్రము పాత పేరును విడువలేదు.

ఆకుపైని నూనె తిత్తులు

పది రెట్లు పెద్దదిగా చూపు భూతద్దముతో మరువపు ఆకునుగాని, రోజ్‌మేరీ ఆకు అడుగు భాగమునుగాని పరీక్షించినచో నూగు వెండ్రుకల మధ్య మెరయుచున్న చిన్న చుక్కలు కనిపించును. ఇవియే నూనె గ్రంథులు. పొట్టి కాడపై కొన్ని కణములు పళ్ళెమువలె అమరి యుండును. ఆ కణములు తయారుచేసిన నూనె, వాని నంటియున్న పలుచని పైపొర క్రింద చేరి, ఆ పొరను బొబ్బవలె పైకి లేపును. ఆకును నలిపినపుడు ఈ బొబ్బలు పగులును. వాసన గుప్పుమనుటకు ఇదియే కారణము.

నూనెను ఇట్లు కణముల వెలుపల ప్రత్యేకముగా తిత్తిలో దాచుటకు హేతువు కలదు. ఈ పదార్థములు మొక్క సొంత కణములకు కూడ హాని చేయగలవు. కారమును తయారుచేయువాడు దానిని మూతగల డబ్బాలో ఉంచినట్లు మొక్క కూడ దీనిని పొరలో బంధించియుంచును.

ఈ నూనెలలో ముఖ్యమైనవి టర్పీనులు. అయిదు కర్బన పరమాణువులు గల ఐసోప్రీను ముక్కలు రెండు చేరినచో పది కర్బనముల టర్పీను ఏర్పడును. ఆ చేరికలోని స్వల్ప భేదములచే వేరు వేరు వాసనలు పుట్టును. రోజ్‌మేరీ నూనెలో సినియోల్, కర్పూరము, పైనీను ముఖ్యముగా నుండును. సినియోల్ యూకలిప్టస్ నూనెలోను, పైనీను దేవదారు జాతి వృక్షముల జిగురులోను ఉండుటచే రోజ్‌మేరీ వాసన మనకు ఆ రెండింటిని జ్ఞప్తికి తెచ్చును. ఎండిన రోజ్‌మేరీ ఆకు 100 పాళ్ళలో నూనె సాధారణముగా ఒకటి రెండు పాళ్ళు ఉండును. ఆకులను ఆవిరిపై మరగించి, ఆ ఆవిరిని చల్లార్చినచో నూనె నీటిపై తేలును.

ఒకటి రెండు పాళ్ళే అయినను మొక్కకు ఇది చిన్న ఖర్చు కాదు. ఆహారము దుర్లభమైన రాతినేలలో, కష్టపడి కూర్చుకొనిన కర్బనమును వేరునకో గింజకో కాక నూనెకు వెచ్చించుచున్నదనిన, దానివలన ఏదో ప్రయోజనముండవలెను.

నాలుగు ఊహలు

ఆ ప్రయోజనమును గూర్చి శాస్త్రజ్ఞులు ముఖ్యముగా నాలుగు ఊహలు చేసిరి.

మొదటిది, మేసెడు జంతువులనుండి రక్షణ. కొరికినంతనే తిత్తులు పగిలి నోరు మండినచో జంతువు ఆ ఆకును విడిచి వేరొకదానిని వెదకుకొనును. నలిపినపుడే వాసన ఘాటుగా వచ్చుట ఈ ఊహకు చక్కగా సరిపోవును. అయినను ఈ రక్షణ సంపూర్ణము కాదు. మధ్యధరా ప్రాంతపు సిస్టస్ పొదల ఆకులనుండి కారు లబ్దనము అను సుగంధపు బంకను మేకల గడ్డములనుండి సేకరించుచుండిరని క్రీస్తు పూర్వము 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసెను. మేకలు ఆ పొదలలో మేయనిదే బంక వాని గడ్డములకు అంటదు గదా!

రెండవది, వేడినుండి రక్షణ. టర్పీను ఆవిరులు గల ఆకులు తీవ్రమైన వేడికి లోనైన పిమ్మట త్వరగా కోలుకొనునని కొన్ని మొక్కలపై జరిపిన ప్రయోగములలో కనబడినది. మూడవది, ఆమ్లజనివలన కలుగు హానినుండి రక్షణ. నీరు లేక పత్రరంధ్రములు మూసికొనినపుడు కూడ ఎండ ఆకుపై పడుచునే యుండును. వినియోగము కాని ఆ శక్తివలన తీవ్రమైన ఆక్సీకరణ పదార్థములు పుట్టి కణములను పాడుచేయును. రోజ్‌మేరీ ఆకులోని కార్నోసిక్ ఆమ్లము తాను ఆక్సీకరణము చెంది కణములను కాపాడును. ఇది నూనెవలె ఆవిరి కాదు, దీనికి వాసన లేదు. కాని అదే ఆకులో, అదే టర్పీను ముక్కలతో తయారగును. నూనెలు, క్రొవ్వులు ముక్కిపోకుండ ఆహార పరిశ్రమలో చేర్చు రోజ్‌మేరీ సారమునకు బలము దీనివలననే వచ్చును. ఐరోపాలో ఆ సారమునకు ఇ 392 అను సంఖ్య నిచ్చిరి. మొక్క తన కొరకు చేసికొనిన పనినే మనము డబ్బాలో చేయించుకొనుచున్నాము.

నాలుగవ ఊహ, పొరుగు మొక్కలను అణచుట. ఈ ఊహకు కాలిఫోర్నియాలో జరిగిన పరీక్ష విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది.

కాలిఫోర్నియాలో వట్టినేల

కాలిఫోర్నియా తీరపు కొండలపై రోజ్‌మేరీకి దగ్గర చుట్టమైన ఒక సేజ్ పొద పెరుగును. దాని ఆకులు తెల్లగా, ఘాటైన వాసనతో నుండును. ఆ పొదల గుంపు చుట్టును ఒకటి రెండు మీటర్ల వెడల్పున గడ్డి మొలవక నేల బోడిగా నుండుట చాల చోట్ల కనిపించును. దాని కావల కొంత దూరము గడ్డి గిడసబారి, అటుపై మామూలుగా పెరుగును. విమానమునుండి చూచినచో పొదల చుట్టు తెల్లని అంచు గీచినట్లుండును.

1964లో కార్నీలియస్ మల్లర్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలిసి దీనికి కారణమును ప్రకటించెను. పొదల ఆకులనుండి సినియోల్, కర్పూరము ఆవిరిగా వెలువడి చుట్టు నేలలో చేరుచున్నవనియు, మొలకలు ఆ విషమువలన పెరుగలేకున్నవనియు అతడు వాదించెను. ప్రయోగశాలలో ఆ ఆవిరులు మొలకల వేళ్ళను నిజముగనే కుంగదీసెను. వివరణ సరళముగా, ఆకర్షణీయముగా నుండుటచే చాలమంది దానిని అంగీకరించిరి.

1970లో బ్రూస్ బర్తొలొమ్యూ వేరొక పరీక్ష చేసెను. బోడిగా నున్న ఆ స్థలములోనే తీగవల పంజరములను బోర్లించి, చిన్న జంతువులు లోపలికి రాకుండ చేసెను. పొదలు మునుపటివలెనే ప్రక్కన నున్నవి. వాని వాసనకు వల అడ్డు కాదు. విషమే కారణమైనచో పంజరములలో కూడ గడ్డి మొలవరాదు. కాని మొలచినది! ఎలుకలు, కుందేళ్ళు మొదలగు చిన్న ప్రాణులు గ్రద్దల భయముచే పొదల నీడలో దాగి, ఒకటి రెండు గంతులలో మరల పొదలోనికి దూకగల దూరమువరకే వచ్చి గింజలను, మొలకలను తినిపోవుచున్నవి. వట్టినేల వెడల్పు చాలవరకు వాని ధైర్యపు కొలత!

దీనివలన మల్లర్ ప్రయోగశాలలో చూచినది అబద్ధమని కాదు. ఆ ఆవిరులు మొలకలను కుంగదీయుట నిజమే. కాని ఒక పదార్థము సీసాలో ఒక పని చేయగలుగుట వేరు, కొండపై ఆ పనిని అదియే చేయుచున్నదని ఋజువగుట వేరు. రెండవది తేలవలెనన్నచో కొండమీదనే, ఇతర కారణములను ఒక్కొక్కటిగా తొలగించి చూడవలెను.

థైమ్ చెప్పిన సంగతి

ఆ విధముగా కొండమీదనే, దీర్ఘకాలము జరిగిన పరిశోధన మరియొకటి కలదు. అది దక్షిణ ఫ్రాన్సులోని మోంపెల్యే నగరపు శాస్త్రజ్ఞులది. గారిగ్ పొదలలో ఒకటగు థైమ్ వారి మొక్క. దీనిలో విచిత్రమేమనగా, ప్రక్కప్రక్కన నున్న రెండు మొక్కలు రూపములో ఒకే తీరుగా నున్నను వాసనలో భేదించును. ఒక్కొక్క మొక్క నూనెలో ఒక్కొక్క పదార్థము ప్రధానముగా నుండును. ఆ ప్రాంతములో ఇట్టి వాసన రకములు ఆరు కలవు. అందు థైమాల్, కార్వక్రాల్ అను రెండు ఫీనాల్ జాతివి. ఇవి వామువలె ఘాటుగా, కారముగా నుండును. వాము గింజలలో నున్నది కూడ థైమాలే. తక్కిన నాలుగు మృదువైన వాసన గలవి. అందులో ఒకటి గులాబీని కొంతవరకు పోలియుండును. ఏ మొక్క ఏ నూనెను చేయవలెనో దాని జన్యువులే నిర్ణయించును.

మోంపెల్యేకు ఉత్తరమున సేన్ మార్తాన్ ద లోంద్ర అను గ్రామము చుట్టును గుట్టలతో ఆవరింపబడిన పళ్ళెము వంటి లోయ కలదు. 1970 దశకములో ఇచ్చటి థైమ్ రకములను శాస్త్రజ్ఞులు పటముపై గుర్తించిరి. లోయ అడుగున మృదువైన రకములే యుండెను. చుట్టుపట్ల రాతి గుట్టలపై ఫీనాల్ రకములు వ్యాపించి యుండెను. కొద్ది కిలోమీటర్లలోనే ఒకటి తొలగి రెండవది వచ్చుచుండెను.

కారణము రాత్రి గాలిలో నున్నది. చల్లని గాలి బరువైనది గనుక చలికాలపు నిర్మలమైన రాత్రులలో గుట్టలపైనుండి జారి లోయ అడుగున చెరువువలె నిలుచును. కఠినమైన శీతకాలములలో లోయలో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 15 డిగ్రీలవరకు పడిపోవుట కలదు. పైని గుట్టలపై అంత చలి యుండదు. కాని అచ్చట మన్ను తక్కువ, వేసవి కరవు తీవ్రము. ప్రయోగములలో ఫీనాల్ రకములు శీతకాలపు ఆరంభములో వచ్చు గడ్డకట్టు చలికి ఎక్కువగా చచ్చినవి. మృదువైన రకములు చలికి ఓర్చుకొనినవి గాని వేసవి కరవునకు అంతగా ఓర్చుకొనలేదు. మేత విషయములో కూడ ఏ ఒక్క రకమును అందరు శత్రువులను వారింపలేకపోయినది. నత్తకు రుచింపనిది మేకకు రుచించును. మేక విడిచినది మిడుతకు పనికివచ్చును.

కనుక వాసన యనునది కేవలము మేలు కాదు. ఒక చోట రక్షణయైనది మరియొక చోట చేటగును. ఏ నూనె మంచిదో మొక్క నిలిచిన స్థలమే తేల్చును.

ఈ కథ ఇంతటితో ముగియలేదు. 1956 ఫిబ్రవరిలో దక్షిణ ఫ్రాన్సులో అసంఖ్యాకములగు ఆలివ్ చెట్లను చంపిన చలి వంటి తీవ్రమైన చలి అటుతరువాతి దశాబ్దములలో అరుదైనది. 2009, 2010 సంవత్సరములలో శాస్త్రజ్ఞులు ఆ లోయకు మరల పోయి, పాత పటములోని స్థలములలోనే థైమ్‌ను పరీక్షించిరి. మునుపు మృదువైన రకములే యున్న అనేక స్థలములలోనికి ఫీనాల్ రకములు దిగివచ్చినవి. జాన్ థాంసన్, అతని సహచరులు ఈ ఫలితమును 2013లో ప్రకటించిరి. చలి అను కాపలాదారు బలహీనుడగుటచే ఘాటైన రకము లోయలోనికి ప్రవేశించినది. శీతోష్ణస్థితి మార్పు అనగా మంచు కరుగుట, సముద్రము పొంగుట మాత్రమే యని తలచువారు దీనిని గమనింపవలెను. నలుబది సంవత్సరములైనను నిండకుండ ఒక లోయ వాసనయే మారినది. జాగ్రత్తగా తయారైన పాత పట మొకటి లేకున్నచో ఈ మార్పును ఎవరును కనిపెట్టియుండరు.

తోటలోనికి వచ్చిన పొద

మానవుడు ఈ పొదలను తోటలోనికి తెచ్చి చాల కాలమైనది. సుమారు 800వ సంవత్సరమున షార్లమేన్ చక్రవర్తి ఎస్టేటులలో పెంపవలెనని ఆజ్ఞాపించిన మొక్కల పట్టికలో రోజ్‌మేరీ కూడ నున్నది. మన దేశములో నీలగిరులలో రోజ్‌మేరీని, థైమ్‌ను పైరుగా పెంచుచున్నారు.

తోటలో ఈ మొక్కలు చచ్చుటకు తరచు కారణము నిర్లక్ష్యము కాదు, అతి శ్రద్ధ. నీరు నిలిచిన మన్నులో వేళ్ళకు గాలి అందక కుళ్ళును. మన వానకాలము వీని పుట్టింటి క్రమమునకు విరుద్ధము గనుక ఆ నెలలలోనే ప్రమాదము ఎక్కువ. కుండీ అడుగున పెంకులు, మన్నులో ఇసుక ఎక్కువగా వేసి, పైమన్ను ఎండిన పిమ్మటనే నీరు పోయవలెను. ఎరువు మితముగా వేయవలెను. ఎరువు, నీరు సమృద్ధిగా దొరకిన మొక్క త్వరగా ఎదిగి, ఆకులు పెద్దవగును. గ్రంథులు చాలవరకు ఆకు లేతగా నున్నపుడే ఏర్పడును గనుక ఆకు పెరిగిన కొలది అవి దూరదూరముగా పలుచబడును. కొలది కరవులో పెరుగుదల ముందుగా ఆగును, ఆహారపు తయారీ మరికొంత కాలము సాగును. మిగిలిన కర్బనము నూనెకు పోవును. అట్లని మొక్కను ఎండబెట్టరాదు. కరవు మితిమీరినచో ఆకులే రాలి, మొత్తము నూనె తగ్గును.

కత్తిరించుటలో కూడ అడవి పాఠము పనికివచ్చును. మంటలో కాలిన రోజ్‌మేరీ మోడునుండి మరల చిగురింపదు. దాని వంశము గింజలవలననే నిలుచును. అందుచేతనే తోటలో కూడ ఆకులు లేని ముదురు కొయ్యవరకు కోసినచో చిగురు రాదు. లేత కొమ్మలనే కోయవలెను. ఆ కొమ్మలనే ఇసుకలో గ్రుచ్చినచో వేళ్ళు పుట్టును.

తరగతిలో చేయదగిన పరీక్ష

రోజ్‌మేరీ దొరకని చోట మరువముగాని, తులసిగాని చాలును. ఒకే మొక్కనుండి తీసిన కొమ్మలతో పది కుండీలు పెట్టవలెను. అన్నిటికి మన్ను, ఎండ సమానముగా నుండవలెను. అయిదింటికి ప్రతి దినము, తక్కిన అయిదింటికి పైమన్ను ఎండినపుడు మాత్రము నీరు పోయవలెను. రెండు నెలల పిమ్మట కొమ్మపై ఒకే స్థానములోని ఆకులను తీసి, వెడల్పును కొలిచి, భూతద్దముతో నూనె గ్రంథులను లెక్కించి, ఒక చదరపు సెంటీమీటరునకు ఎన్నియో వ్రాసికొనవలెను. వాసనను పోల్చు విద్యార్థికి ఏ ఆకు ఏ కుండీలోనిదో తెలియనీయరాదు.

కుండీకొక్కటి కాక అయిదేసి ఏల, ఒకే మొక్క కొమ్మలే ఏల, పేరు దాచుట ఏల అని ఉపాధ్యాయుడు ముందుగా ప్రశ్నించినచో, బర్తొలొమ్యూ పంజరముల విలువ పిల్లలకు తెలియును. వచ్చిన అంకెలను, నాటిన తేదీని, స్థలమును పాఠశాల పుస్తకములో భద్రపరచవలెను. తరువాతి సంవత్సరపు విద్యార్థులు తమ అంకెలను వానితో పోల్చుకొందురు.